చీనా కసరత్తూ మా బర్రే

ఊరికే ఇస్తానన్నదాన్ని నేను ఊరికే తీసుకోను. నలభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్నప్పుడు, పంతులు పలక ఊరికే ఇస్తానంటే ఎందుకిస్తున్నావని అడిగాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. పలక తీసుకున్నాను గానీ, ఆ బడి మూతపడేదాకా దానికి గీత పడకుండా చూసుకున్నాను. రేపు తిరిగి అడిగితే మాట పడకూడదు గదా.

మాది గట్టు పక్కన పల్లె. నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ. కొడుకూ కోడలూ విత్తన పత్తి వేస్తారు. పొద్దంతా వంగి, పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దే పని అది. నా కళ్ళకు ఇప్పుడు పువ్వు ఆనుతుంది గానీ పుప్పొడి ఆనదు. అందుకని చేను వాళ్ళదయింది, బర్రె నాదయింది.

ఆ బర్రె నా చేతికి తప్ప ఎవరికీ చేపదు. కోడలు కింద కూర్చుంటే కాలు విసురుతుంది. కొడుకు కూర్చుంటే మర్యాదగానే నిలబడుతుంది, ఎంత లాగినా చుక్క దించదు. నేను పోయి, పొదుగు కడిగి, వీపు మీద ఒక దెబ్బ వేసి, నోటికొచ్చిన తిట్లు తిడితే అప్పుడు చన్నుల్లోకి పాలు దిగుతాయి. పొద్దున లేస్తూనే ఈ ఇంట్లో నాకోసం ఎదురుచూసేది అదొక్కటే. అదీ తవుడు కోసమే అనుకోండి.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున పాలు పిండి లేవబోతే కాళ్ళు లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. లేవమంటే లేవలేదు, అంతే. పక్కనున్న గుంజ పట్టుకున్నాను. గుంజ అందింది గానీ గిన్నె జారింది. పాలు పేడలో కలిశాయి. చప్పుడుకు కోడలు వచ్చి, చంకల్లో చేతులు పెట్టి లేపింది. సాయంత్రానికి సంగతి కొడుకు చెవిన పడింది.

"అమ్మా, బర్రెను ఇచ్చేద్దాం. దాని కాళ్ళ కింద పడితే నిన్నెవరు జూడాలె?"

"మరి పాలకేం జేస్తవు?"

"పాకిట్ తెస్త."

"పాకిట్ పాలు నువ్వు తాగు. నా కాళ్ళు నాకొచ్చేదాక బర్రె ఈడనే ఉంటది."

"ఈ వయసుల పోయిన కాళ్ళెట్ల వస్తయమ్మా?"

"పోయినయంటె యాడనో ఒక కాడ ఉంటయి గదా."

నవ్వాడు. నవ్వి, సరే ఎండలు ముదిరేదాకా చూద్దామన్నాడు. ఎండాకాలం మా దగ్గర చొప్ప దొరకదు, పశువును అమ్మాలంటే అప్పుడే అమ్ముతారు. నాకు గడువు అదీ.

మా గోడకు అవతల దర్జీ ఇల్లు. దర్జీ పోయి చాలా ఏళ్ళయింది, భార్య ఉంది. ఇద్దరం ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చాం. నేను అక్కను, ఆమె చెల్లెలు. వాళ్ళది నమాజు ఇల్లు, మాది దీపం ఇల్లు, మధ్యన గోడ మాత్రం ఇద్దరిదీ. ఆమె మోకాళ్ళూ నావంటివే. నేల మీద తల ఆనించలేక కుర్చీలో కూర్చుని నమాజు చేసుకుంటోంది. గద్వాలలో బట్టల దుకాణం పెట్టుకున్న ఆమె కొడుకే చెప్పాడు, ముసలివాళ్ళ కాళ్ళు పరీక్షించడానికి డాక్టర్లు అక్కడికి వస్తున్నారని.

పోయాం. మందులిస్తారనుకున్నాం. కూర్చోబెట్టి పిక్క చుట్టూ టేపు పెట్టి కొలిచారు.

"అక్కా, మనకు పైజామలు కుట్టిస్తరేమో," అంది చెల్లె. "కొల్తలైతె మంచిగ తీస్తలేడు. టేపు వదులుగ పట్టిండు సూడు."

తర్వాత ఒక ఇనుప పిడి చేతికిచ్చి గట్టిగా పిసకమన్నారు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నారు. నేను లేవలేకపోయాను. డాక్టరు చదువుకున్న పిల్లవాడే, మెత్తగా చెప్పాడు.

"అమ్మా, వయసు మీద పడితే కండ కరుగుతుంది. మీకు కొంచెం ఎక్కువే కరిగింది. దీనికి మందు లేదు. పప్పు, గుడ్లు, పాలు బాగా తీసుకోవాలి. కండకు పని చెప్పాలి."

"పుట్టినప్పటి సంది పనే జేస్తున్న. పనితోని కండొస్తే నాకెందుకు పోయింది?"

"ఇది వేరే పని. మెల్లగా చేసేది. చీనా దేశంలో పెద్దవాళ్ళు ఎప్పటినుంచో చేసే కసరత్తు. మీరు ఇంట్లోనే ఉండి చేయొచ్చు. ఫోన్లో టీచరమ్మ కనిపించి చెబుతుంది. ఖర్చేమీ లేదు."

అంగట్లో కొన్న చీనా టార్చి మా ఇంట్లో వారం వెలగలేదు. ఇప్పుడు ఆ దేశం కసరత్తుతో నా కాళ్ళు నిలబెడతారట. అదీ ఫోన్లో. అదీ ఊరికే. సంతకం పెట్టమని ఒక కాగితం ఇస్తే, వెనక వాళ్ళు కసురుకుంటున్నా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఎప్పుడైనా మానుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు అని రాసి ఉంది. అక్కడే నాకు అనుమానం ముదిరింది. మానుకుంటే తిట్టని పనిని నేనెప్పుడూ చూడలేదు. అయినా సంతకం పెట్టాను. బర్రె కోసం పెట్టాను.

ఫోను చెల్లెది. వాళ్ళ అరుగు మీద మూలపడిన కుట్టు మిషను ఉంటే, దాని మీద ఫోను ఆనించి ఎదురుగా నిలబడేవాళ్ళం. ఫోన్లో చిన్న చిన్న గళ్ళు, గడికో ముసలి ముఖం. నాగర్‌కర్నూల్ నుంచి ఒకామె, ఖిల్లా ఘణపూర్ నుంచి ఒక పెద్దాయన, ఇంకా ఎవరెవరో. పెద్ద గడిలో టీచరమ్మ. హైదరాబాదులో ఎక్కడో ఒక గదిలో ఉంటుంది. తెల్ల గోడ, ఒక కుర్చీ, ఆమె. గోడకు క్యాలెండరు కూడా లేదు. క్యాలెండరు లేని ఇల్లు ఏమిల్లో నాకు అర్థం కాలేదు.

కసరత్తు చూడటానికి ఏమీ లేదు. ఆకాశాన్ని మోస్తున్నట్టు రెండు చేతులూ పైకెత్తాలి. గుర్రం మీద ఉన్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, సగం కుంగి, విల్లు లాగినట్టు చేతులు లాగాలి. మడమలు లేపి దించాలి. ఇంకొకటుంది, పిడికిళ్ళు బిగించి, కళ్ళు ఉరిమి చూస్తూ మెల్లగా గుద్దాలి.

"ఇది మా అక్కకు నేర్పే పని లేదు మేడం," అంది చెల్లె. "కోడలొచ్చిన కాంచి ఇదే జేస్తుంది."

గుర్రం నేనెప్పుడూ ఎక్కలేదు. కానీ సగం కుంగడం తెలుసు. బర్రె కింద కూర్చునేటప్పుడు ఒంట్లోంచి బలం జారే చోటు అదే. ఇన్నేళ్ళూ ఆ చోట ఆగకుండా దబ్బున కూలబడేదాన్ని. ఆమె అక్కడే ఆగమనేది. ఆగితే తొడలు వణికేవి. వణికినా పరవాలేదు, అక్కడే ఊపిరి తీసుకోండి అనేది. నా తొడల సంగతి హైదరాబాదులో ఉన్నదానికి ఎలా తెలుస్తోందని అదొక అనుమానం.

ఇలా నడుస్తుండగా పింఛను దినం వచ్చింది. మా వేళ్ళు అరిగిపోయి ముద్ర పడటం లేదని, ఇప్పుడు ఫోన్లో ముఖం చూపిస్తేనే పింఛను ఇస్తున్నారు. పోస్టాఫీసు ముందు వరుసలో నిలబడి ఉంటే, మా వెనకున్న ఒక పెద్దమనిషి గొంతు తగ్గించి అడిగాడు.

"మీరిద్దరు రోజు ఫోన్ల మొగం పెట్టి కసరత్తు జేస్తున్నరంట గదా?"

"చేస్తున్నం. ఏం?"

"ఏం లేదు. ఆ వీడియో యాడికి పోతదో అడిగిన్రా? గిట్ల దుక్కలెక్క గట్టిగ లేస్తుంటె, వీళ్ళకు పింఛనెందుకని కోస్తరు."

"పింఛను వయసుకిస్తరు. బలానికి గాదు గదా?"

"మొదలు అట్లనే అంటరు," అన్నాడు.

ఆ మాట నాకు పట్టుకుంది. ఈ ఫోన్లో ముఖం చూపిస్తేనే పింఛను వస్తుంది. ఆ ఫోన్లో ముఖం చూపిస్తే ఏమీ పోదా? ముఖం ఒకటే, ఫోనూ ఫోనే. ఊరికే ఎందుకు నేర్పుతున్నారో, క్యాలెండరు ఎందుకు లేదో, అన్నీ ఒక దారికి వచ్చినట్టనిపించింది. చెల్లె ముఖం వాడిపోయింది.

"ఏం జేద్దామక్కా? బంద్ పెడదామా?"

"బంద్ పెడితె కాళ్ళెట్లొస్తయి? కసరత్తు జేద్దాం. ఫోన్ ముందర మాత్రం జర చిక్కిపోదాం."

అప్పటినుంచి నాకు రెండు రకాల కాళ్ళు. తెల్లారి కొట్టంలో, ఎవరూ లేవకముందే, బర్రె ముందు నిలబడి అసలు కసరత్తు చేసేదాన్ని. ఆకాశం మోసేదాన్ని, విల్లు లాగేదాన్ని. మొదట్లో బర్రె నమలడం ఆపి చూసేది, తర్వాత అలవాటు పడింది. కొన్నాళ్ళకు వణుకు తగ్గింది. ఇంకొన్నాళ్ళకు గుంజ అవసరం తీరింది. కానీ కోడలు పాల గిన్నె అందుకోవడానికి వస్తే కూర్చున్నచోటే మూలిగేదాన్ని. ఆమె చంకల్లో చేతులు పెట్టి లేపేది. కోడలికి తెలిస్తే కొడుక్కు తెలుస్తుంది, కొడుక్కు తెలిస్తే హోటల్లో చాయ్ తాగేవాళ్ళందరికీ తెలుస్తుంది. పోస్టాఫీసు అక్కడికి రెండడుగులే.

ఇక ఫోన్ ముందుకు పోతే చేతులు భుజాలు దాటేవి కావు.

"అమ్మా, మొదట్లో బాగానే కుంగేవారు. ఇప్పుడేమైంది?" అని టీచరమ్మ అడిగేది.

"అన్నం సయిస్తలేదు బిడ్డా."

"పాలు తాగుతున్నారా?"

"తాగుతున్న. ఒంటికి పడతలేవు."

చెల్లె నాకంటే బాగా చేసేది. కుర్చీలోంచి లేవబోయి, యా అల్లా అని మళ్ళీ కూర్చునేది.

ఒకరోజు టీచరమ్మ మంచినీళ్ళకని గదిలోంచి పోయింది. ఘణపూర్ పెద్దాయన గడిలో, ఆయన వెనక చొప్ప వామి కనిపిస్తుంది, దాని వెనక ఖిల్లా గుట్ట. మాలో అందరికంటే ఎక్కువ మూలిగేది ఆయనే. మంచం దిగడానికే ఇంతసేపు పట్టేది. ఆ వేళ ఒక మేక వచ్చి వామిలో మూతి పెట్టింది. ఆయన కట్టె అందుకున్నాడు, మొండిగోడ ఒక్క అంగలో దాటాడు, కనబడకుండా పోయాడు. కాసేపటికి వచ్చి ఫోను చూశాడు. మేమందరం గళ్ళల్లోంచి చూస్తున్నాం. మెల్లగా నడుం పట్టుకుని, అమ్మా అంటూ మంచం మీద కూర్చున్నాడు.

"ఏమన్నా, మేక దొరికిందా?" అన్నాను.

"ఏం మేక?"

"మేమెవ్వరం జూడలేదులే అన్నా," అంది నాగర్‌కర్నూల్ ఆమె. "మూలుగు నువ్వు."

అప్పుడు అర్థమయింది. ఆ పెద్దమనిషి మాట మా ఊళ్ళోనే ఆగలేదు, లేదా ప్రతి ఊళ్ళో అటువంటి పెద్దమనిషి ఒకడున్నాడు. టీచరమ్మ తిరిగొచ్చి మమ్మల్ని చూసి, అందరూ ఇంత నీరసపడిపోతున్నారేమిటి, నేనే సరిగా చెప్పడం లేదేమో అంది. జాలి వేయాల్సింది. వేయలేదు. జీతం ఆగదు గదా అనుకున్నాను.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున నేను పాలు పిండబోతే కొడుకు వద్దని ఆపాడు. బర్రెను చూడటానికి బేరగాడు వస్తున్నాడట.

"ఎండలు ముదిరేదాక అన్నవు," అన్నాను.

"ముదిరినయి గదమ్మా. నేను ఉత్తగ అమ్మతలేను. మీ టీచరమ్మకు నిన్న ఫోన్ జేసిన. నీ కాళ్ళు మొదటికంటె తగ్గినయంట. బర్రె కింద అసలే కూసోవద్దని చెప్పింది."

"ఆమెకేం తెలుసు?"

"రోజూ చూస్తుంది గదా ఫోన్ల."

నేను కూలబడిన ప్రతిసారీ ఆ పిల్ల నమ్మింది. ఎవర్నీ నమ్మని నేను, నన్నొకరు నమ్ముతారని మాత్రం అనుకోలేదు.

బేరగాడు వచ్చాడు. బర్రె చుట్టూ తిరిగాడు, పళ్ళు చూశాడు, పొదుగు నొక్కాడు. మా దగ్గర పాలు చూడందే పాడిపశువుకు బేరం కుదరదు.

"నా కండ్ల ముందర పిండున్రి. పాలు జూసినంక తాడు ముట్టుకుంట."

కోడలు కూర్చుంది. బర్రె కాలు విసిరింది. గిన్నె పోయి గడ్డిలో పడింది. కొడుకు కూర్చున్నాడు. ఒక్క చుక్క రాలేదు. బేరగాడు గడ్డం గోక్కున్నాడు.

"వట్టిపోయిందా ఏంది?"

"లేదు లేదు. మా అమ్మకైతె చేపుతది." కొడుకు నా వైపు తిరిగాడు. "అమ్మా, జర కూసో. మా ఆమె పట్టుకుంటది నిన్ను."

కూర్చుని పిండితే పాలు చూసి కొనుక్కుపోతాడు. కూర్చోనంటే, చూశారా చేతకాదు అంటారు. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగానే, గోడ అవతలి నుంచి చెల్లె ఫోను పట్టుకుని వచ్చింది.

"అక్కా, క్లాసు మొదలైంది. మేడం అడుగుతుంది నిన్ను."

"ఈడికి తే. ఆ గుంజకు ఆనిచ్చి నిలబెట్టు. నేను, బర్రె ఇద్దరం పడాలె దాంట్లె."

చెల్లె దగ్గరికి వచ్చి గుసగుసగా అంది. "అక్కా, పింఛను..."

"పెట్టు," అన్నాను.

కోడలు చేయి చాపితే తీసేశాను. కాళ్ళు ఎడంగా పెట్టాను. మెల్లగా కుంగాను. బలం జారే ఆ చోట ఆగి, ఊపిరి తీసుకుని, అప్పుడు కూర్చున్నాను. పొదుగు కడిగాను. వీపు మీద ఒక్కటి వేసి, బర్రెను తిట్టాల్సినవన్నీ తిట్టాను. ఆ తిట్లలో కొన్ని కొడుక్కు, కొన్ని బేరగాడికి, కొన్ని పోస్టాఫీసు దగ్గరి పెద్దమనిషికి. పాలు దిగాయి. గిన్నె నురగ కట్టేదాకా పిండాను.

లేచేటప్పుడు గిన్నె రెండు చేతులతోనూ పట్టుకున్నాను, గుంజ పట్టుకునే చేయి ఖాళీ లేకుండా. సగం లేచి ఆగాను. కావాలనే ఆగాను. కొడుకు కళ్ళల్లోకి చూశాను. తొడలు వణికాయి గానీ నిలిచాయి. అప్పుడు నిటారుగా లేచి గిన్నె వాడి చేతికిచ్చాను.

ఫోన్లోంచి టీచరమ్మ గొంతు వచ్చింది. "అమ్మా, ఇది ఎప్పటినుంచి?"

"అది తర్వాత. ముందుగాల నా కొడుక్కు చెప్పు. నా కాళ్ళు తగ్గినయా పెరిగినయా?"

"పెరిగాయి, అమ్మా. చాలా పెరిగాయి."

"జర గట్టిగ చెప్పు. వానికి నా మాట తప్ప అందరి మాట వినబడతది."

ఘణపూర్ పెద్దాయన గడిలోంచి మూలుగు వినిపించింది. "మా కొంప గూడ ముంచితివి గదక్కా."

"అంటే మీరు కూడానా?" అంది టీచరమ్మ. నాగర్‌కర్నూల్ ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

బేరగాడు గిన్నెలోకి తొంగి చూశాడు. నన్ను చూశాడు. తాడు ముట్టుకోలేదు.

"పాలు మంచిగనే ఉన్నయి అన్నా," అన్నాడు మా వాడితో. "గానీ నా ఇంట్ల దీనికి చేపెవరు తెస్తరు? బర్రెతోని ఈ అవ్వను గూడ తోలిస్తవా?"

"అవ్వనైతె నువ్వు తట్టుకోలేవు," అన్నాడు కొడుకు. నవ్వు ఆపుకోలేకపోయాడు. బేరగాడు చెప్పులేసుకుని పోయాడు. కొడుకు మళ్ళీ అమ్మకం మాట ఎత్తలేదు. కోడలు మాత్రం ఆ పూటంతా ముఖం మాడ్చుకుంది.

"ఇన్ని దినాలు ఉత్తగనే లేపిచ్చుకున్నవా అత్తా? నా నడుం పాయె."

"నీకు గూడ కసరత్తే అయింది గదా," అన్నాను.

మరునాడు టీచరమ్మ మా అందరినీ ఫోన్ల ముందు కూర్చోబెట్టి చెప్పింది. మా పింఛనుకూ ఈ క్లాసుకూ ఏ సంబంధమూ లేదట. ఈ వీడియోలు ఎవరికీ పోవట.

"మరి నీకేం లాభం బిడ్డా?" అని అడిగాను.

"దూరం నుంచి ఫోన్లో నేర్పితే పెద్దవాళ్ళకు బలం వస్తుందో రాదో తెలుసుకోవాలమ్మా. రాదని మీరందరూ కలిసి తేల్చేయబోయారు."

తెలుసుకుని ఏం చేస్తారని అడగబోయి ఊరుకున్నాను. గద్వాలలో మళ్ళీ పిక్కలు కొలిచినప్పుడు చెల్లె తన పెనిమిటి టేపు సంచిలో పెట్టుకుని వచ్చింది. వాళ్ళు కొలిచాక తనూ ఒకసారి చుట్టి, సరిపోయిందంది. చెల్లె ఇప్పుడు నేల మీదే నమాజు చేసుకుంటోంది. ఫోన్లో నేనూ ఆకాశాన్ని పూర్తిగానే మోస్తున్నాను. టీచరమ్మ గోడకు ఇప్పటికీ క్యాలెండరు లేదు.

మొన్న పింఛనుకు పోయాం. ముఖం చూపించమని నా పేరు పిలిచారు. అరుగు మీద కూర్చున్నదాన్ని గోడ పట్టుకుని, నడుం మీద చేయి వేసి, ఒక్కొక్క కాలూ ఈడ్చుకుంటూ లేచాను. చెల్లె నా చెవి దగ్గరికి వచ్చింది.

"అక్కా, జర ఎక్కువైతుంది."

"ఊకో," అన్నాను.

పింఛను తీసుకుని ఇంటికి వచ్చేసరికి బర్రె తాడు తెంపుకునేలా అరుస్తోంది. కోడలు గిన్నె అక్కడ పెట్టి పోయింది. లేపడానికి రాలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చున్నాను.